వరద తీసిన బడిలో మా సాయమే భారమవుతోందా?

ఉత్తరం:

గుంటూరు జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరమిది. ప్రైవేటు హైస్కూలులో లెక్కలు చెబుతారు. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరంలో మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు ఆమె, తోటి టీచర్లు కొందరు జట్టుగా వెళ్లారు. మొదట్లో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు అందించారు. వరద తీశాక అటువైపే ఒక మున్సిపల్ హైస్కూలును మళ్లీ తెరిచేందుకు సిద్ధం చేసే పని నెత్తిన వేసుకున్నారు. శని, ఆదివారాలు అక్కడే గడిచాయి. గదుల్లో పేరుకున్న బురద పారలతో ఎత్తారు, బెంచీలు కడిగారు, పాడైన బియ్యం బస్తాలు బయటికి మోశారు. "చేతులు పుళ్లు పడ్డా మనసుకు హాయిగా ఉండేది" అని రాశారు.

తడిసి ముద్దయిన కాగితాల గుట్టతో చిక్కు మొదలైంది. జట్టులో ఒక కుర్రాడు ఆ గుట్టను చెత్త ట్రాక్టర్‌లో వేయించాడు. అందులో పాత అడ్మిషన్ రిజిస్టర్లు, పిల్లల నోటు పుస్తకాలు ఉన్నాయి. హెచ్‌ఎం మేడమ్ అందరి ముందూ గట్టిగా కేకలేశారు, తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చారు. ఆవిడ ఇల్లు పాయకాపురంలో. ఇంట్లో ఉన్నదంతా నీళ్లపాలైంది. అక్కగారింట్లో ఉంటూ, అక్క చీరలు కట్టుకుని బడికి వస్తున్నారు. జట్టును నడిపే పెద్ద మాస్టారు మాత్రం "ఇంత చేస్తే ఇదా మర్యాద?" అని నొచ్చుకున్నారు. ఇప్పుడాయన దసరా సెలవులు ఇచ్చేలోగా గోడలకు రంగులు, బొమ్మలు వేయించి, దాతలను పిలిచి, బడిని అప్పగించే సభ పెట్టాలంటున్నారు. ఆ సభలో పిల్లల చేత వరద అనుభవాలు మైకులో చెప్పించాలన్నది ఆయన ఆలోచన. మేడమ్‌ను అడిగితే "మీ ఇష్టం" అన్నారట.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ బడి లెక్కల మాస్టారి ఇల్లు సైతం మునిగింది, వాళ్లమ్మగారు మంచం పట్టారు, ఆయన సెలవులో ఉన్నారు. పదో తరగతి పిల్లలు ఈమెకు బాగా చేరువయ్యారు. ఆగస్టులోనే ఎన్నికైన స్కూల్ కమిటీ చైర్మన్ "సంక్రాంతి దాకా మీరే ఉండిపోండమ్మా" అని అడిగాడు. ఈమెకూ ఉండాలనే ఉంది. కానీ యాజమాన్యం అన్ని రోజులు సెలవివ్వదు. జీతం పోతుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. భర్త "మన పాపకు జ్వరమొస్తే ఒక్క పూట సెలవు పెట్టలేకపోయావు" అన్నారు. ఆ మాట దగ్గర ఉత్తరం కాసేపు ఆగిపోయినట్టుంది.

జట్టులో కొనసాగాలా, బయటికి వచ్చేయాలా? మేడమ్‌కు ఎదురుపడేదెలా? సెలవు పెట్టి ఆ పిల్లలకు పాఠాలు చెప్పాలా? ఇవీ ఆమె అడిగినవి.

సమాధానం:

అమ్మా,

నాలుగు పేజీల్లో మీ కష్టం గురించి ఒక పేజీ కూడా లేదు. మిగతాదంతా మేడమ్ గురించి, పిల్లల గురించే రాశారు. మీ మనసు ఎటు మొగ్గుతోందో దాన్నిబట్టే తెలుస్తోంది. అందుకని నేనూ మేడమ్ దగ్గరే మొదలుపెడతాను.

చెత్త ట్రాక్టర్ ఎక్కిన ఆ రిజిస్టర్లు ఏమిటో మీ జట్టులో అందరికీ తెలిసి ఉండకపోవచ్చు. ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఆఫీసు సిబ్బంది ఉంటారు కాబట్టి టీచర్ల దాకా ఆ బాధ రాదు. మున్సిపల్ బడిలో అడ్మిషన్ రిజిస్టరు బడి ఉన్నంతకాలం ఉండాల్సిన పుస్తకం. ఎప్పుడో ముప్పై ఏళ్ల క్రితం ఆ బడిలో చదివి మానేసిన మనిషి పుట్టిన తేదీ రుజువు కోసం, టీసీ నకలు కోసం వచ్చి నిలబడితే హెచ్‌ఎం తీసి చూసేది దాన్నే. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ లాంటి పేటల్లో చాలామందికి వయసు రుజువుగా ఇంకే కాగితమూ ఉండదు. పైగా ఛార్జి తీసుకున్న రోజున మేడమ్ వాటన్నిటికీ సంతకం పెట్టి ఉంటారు. రేపు అవేవని ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది ఆవిడే. వరదలో పోయాయంటే అర్థం చేసుకుంటారు. వరదకు తట్టుకుని మిగిలినవి సాయానికి వచ్చినవాళ్ల చేతుల్లో పోయాయని ఆవిడ ఏ కాగితం మీద రాసుకోగలరు? ఆ కేకల వెనుక కోపం కన్నా భయమే ఎక్కువ ఉందని నాకనిపిస్తోంది.

కాబట్టి ఉత్తి క్షమాపణతో ఆవిడ మోస్తున్న బరువు దిగదు. దాన్ని నిజంగా దించే పని ఒకటుంది. ఫలానా తేదీన, మా జట్టు సభ్యులు తెలియక, హెచ్‌ఎం గారి అనుమతి లేకుండా, తడిసిన రికార్డులు చెత్తలో వేశారని జట్టు తరఫున రాసి, సంతకాలు చేసి మేడమ్ చేతికివ్వండి. పోయిన రిజిస్టర్ల జాబితాతో ఆవిడ పై అధికారులకు పంపే నివేదికకు దాన్ని జతచేసుకోవచ్చు. మీ పెద్ద మాస్టారికి ఇది రుచించకపోవచ్చు. జట్టు పేరు పాడవుతుందంటారు. ఆ కుర్రాడి మీద అధికారులు విరుచుకుపడతారని కూడా మీకు భయం వేయవచ్చు. అందుకే కాగితం మీద అతని పేరు కాకుండా జట్టు మొత్తం సంతకాలు ఉండాలి. ఆ కుర్రాడు వేరుగా వెళ్లి మేడమ్‌తో మాట్లాడాలి. అది అతనికీ మంచిది.

ఇక మిగిలిన రికార్డుల సంగతి. ఇంకా చెమ్మగా ఉన్నవాటిని ఎండలో పెట్టకండి. కాగితం ముడుచుకుపోతుంది, సిరా వెలిసిపోతుంది. అతుక్కున్న పేజీలను బలవంతంగా లాగకండి. నీడలో గాలి ఆడేచోట పుస్తకాన్ని నిలబెట్టి, పేజీల మధ్య తెల్లకాగితాలు ఉంచి, అవి చెమ్మ పీల్చినకొద్దీ మారుస్తూ పోవాలి. బూజు పట్టినవాటిని వేరుగా పెట్టి, బాగా ఆరాక, మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపాలి. తెరుచుకున్న ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీయండి. ఇప్పుడు చదువుతున్న పిల్లల వివరాలు యూడైస్ ప్లస్‌లో, అంటే బడుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, ఉంటాయి కాబట్టి వాళ్ల జాబితా తిరిగి రాసుకోవచ్చు. పదో తరగతి పాసై వెళ్లినవాళ్ల పుట్టిన తేదీలు పరీక్షల విభాగం దగ్గర దొరుకుతాయి. మధ్యలో మానేసినవాళ్ల వివరాలే కష్టం. అక్కడ టీసీ పుస్తకం కౌంటర్‌ఫాయిల్స్, పాత హాజరు పట్టీలు దిక్కు. లెక్కల టీచరు కదా మీరు, ఓపికగా అంకెలు సరిచూసే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. రెండు ఆదివారాలు మేడమ్ పక్కన కూర్చుని ఈ పని చేశారంటే మీ ఇద్దరి మధ్య మాట దానంతటదే కలుస్తుంది. 2005లోనూ బుడమేరు ఈ నగరాన్ని ముంచింది. కనుక ఈసారి ఆ బీరువాను మేడ మీది గదిలో పెట్టించే విషయం కూడా మేడమ్‌తో మాట్లాడండి.

"మీ ఇష్టం" అన్న మాట దగ్గరికి వద్దాం. మీ మాస్టారు దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నారు. అలసి సొలసిన మనిషి వాదించే ఓపిక లేక అన్న మాటగా నాకు వినిపిస్తోంది. ఆ నెలంతా ఆవిడ మీద ఎన్ని పడి ఉంటాయో చూడండి. నీళ్లు మునిగిన ఇల్లు కడుక్కోవాలి. నష్టం రాసుకునే సచివాలయం సిబ్బంది వచ్చే వేళకు ఇంటి దగ్గర మనిషి ఉండాలి. కింది అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయలు ప్రకటించింది, పేరు రాయించుకోకపోతే అదీ లేదు. అదే వేళకు బడిలో అధికారుల తనిఖీ. పగటి పూట నివేదికలు, సాయంత్రం పిల్లల ఇళ్లకు వెళ్లి ఎవరున్నారో, ఎవరు ఊరెళ్లిపోయారో కనుక్కోవడం. మధ్యలో మీరు పదిమంది ఉత్సాహంగా వచ్చి, రంగు నీలం వేయాలా పచ్చ వేయాలా అని అడిగితే, ఆవిడకు ఆ ప్రశ్నకు కావలసిన తెరిపి కూడా లేదు.

నేను బడుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషిని కాబట్టి నా పక్షపాతం దాచను. విపత్తు తర్వాత బడిని నిలబెట్టేది అక్కడి టీచర్లే, బయటి నుంచి వచ్చినవాళ్లు వాళ్లకు కూడదీసుకునే వ్యవధి ఇవ్వగలరు. ఇది మరిచిపోయిన చోట ఏం జరిగిందో చెబుతాను. 2005 ఆగస్టు చివర్లో కత్రినా తుపాను అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచింది. కొద్ది నెలలకే అక్కడి బడుల బోర్డు 7,000 మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి వాళ్లు, ఏళ్లుగా ఆ పేటల్లోనే బతికి పాఠాలు చెప్పినవాళ్లు. తర్వాత తెరిచిన బడుల్లోకి బయటి ఊళ్ల నుంచి కొత్త కుర్ర టీచర్లు చాలామంది వచ్చారు. వాళ్లు మంచి మనసుతోనే వచ్చారు. పరీక్ష ఫలితాలు మెరుగుపడ్డాయని చూపించేవాళ్లూ ఉన్నారు. కానీ ఇల్లు పోయిన పిల్లవాడికి తన పాత టీచరు కూడా లేకుండా పోయింది. ఇల్లు పోయిన టీచరుకు ఉద్యోగమూ పోయింది. ఆ గాయం ఆ నగరంలో ఇంకా మానలేదు. 2024లో కేరళలోని వయనాడ్‌లో దీనికి భిన్నంగా జరిగింది. జులై 30న కొండచరియలు విరిగిపడి వెల్లార్‌మల, ముండక్కై బడులు నడవని స్థితి వచ్చింది. సెప్టెంబరు 2న ఆ బడులను మేప్పాడికి మార్చి మళ్లీ మొదలుపెట్టారు. చోటు మారినా వెల్లార్‌మల బడి వెల్లార్‌మల బడిగానే నడిచింది. మీ మున్సిపల్ బడికి ఇంత పెద్ద ప్రమాదమేమీ లేదు, అక్కడివి ప్రభుత్వ ఉద్యోగాలు. అయినా చిన్న రూపంలో అదే తప్పటడుగు మీ జట్టు వేస్తోందేమోనని నా బెంగ.

రంగుల విషయం. మాస్టారితో వాదన పెట్టుకోవాల్సిన పని లేకుండా ఇక్కడ గోడే మీకు సాక్ష్యం చెబుతుంది. ఈ వరదలో చాలా పేటల్లో నీళ్లు రోజుల తరబడి కదలకుండా నిలబడ్డాయి. బుడమేరు గండ్లు మూడూ పూడ్చేసరికే సెప్టెంబరు 7 వచ్చింది, ఆ తర్వాత కూడా నీళ్లు తోడాల్సి వచ్చింది. అన్ని రోజులు నానిన ఇటుక గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ నెలల తరబడి ఉంటుంది. దాని మీద పుట్టీ, రంగు పట్టిస్తే చెమ్మకు బయటికి దారి ఉండదు. బుడగలు లేచి, పెచ్చులు ఊడి, లోపల బూజు పట్టి, వేసవి నాటికి దాతల సొమ్ము నేల మీద రాలుతుంది. నమ్మకపోతే ఒక చిన్న పరీక్ష చేయించండి. చదరపు అడుగు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే గోడ ఇంకా తడే. అప్పుడు బొమ్మలు సంక్రాంతి దాటాక వేద్దామని మాస్టారికి చెప్పడం తేలిక. ఈలోపు గోడలకు ఉత్త సున్నం కొడితే చాలు, అది గాలి ఆడనిస్తుంది, చవక కూడా.

ఆ రంగుల డబ్బు ఎటు మళ్లించవచ్చో మేడమ్‌ను అడిగితే ఆవిడే చెబుతారు. నేను మాత్రం కరెంటు, నీళ్లు, ఆడపిల్లల బాత్రూములు ముందు చూస్తాను. నీళ్లు దూరిన స్విచ్ బోర్డులు పైకి బాగానే వెలుగుతాయి, లోపల తుప్పు, బురద ఉంటాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్రతి బోర్డూ విప్పి, ఎర్తింగ్ చూసి సరే అన్నాకే పిల్లల్ని ఆ గదుల్లో కూర్చోబెట్టాలి. సంపు, మేడ మీది ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గోడలు రుద్ది, బ్లీచింగ్ నీళ్లు పట్టి కొన్ని గంటలు ఉంచి వదిలేసి, మళ్లీ నింపాలి. బోరు నీళ్లు పరీక్ష చేయించే దాకా తాగడానికి, వంటకు వాడకూడదు. ఒక్క మాట మీ జట్టులో అందరికీ గట్టిగా చెప్పండి: బాత్రూములు కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్‌నూ, యాసిడ్‌నూ కలపకూడదు. కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. తెల్లగా రావాలన్న ఆత్రంలో చాలామంది ఈ రెండూ ఒకేసారి పోసేస్తుంటారు. బాత్రూము తలుపుకు గడియ లేక, నీళ్లు రాక పెద్ద పిల్లలు బడి మానేయడం మామూలు రోజుల్లోనే చూస్తున్నాం, వరద తర్వాత చెప్పనక్కర్లేదు. దాతలకు ఫొటోలో ఇవి అందంగా కనిపించవు. కానీ తొమ్మిదో తరగతి అమ్మాయి రోజూ బడికి రావడం వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

సభ గురించి నాకున్న అభ్యంతరం దీనికన్నా పెద్దది. పిల్లల చేత వరద అనుభవాలు మైకులో చెప్పించడం వద్దు. దీని మీద గట్టిగా నిలబడండి. చీకట్లో మేడ మీద కూర్చుని రెండు రాత్రులు గడిపిన పిల్ల, ఇంట్లో ముసలావిణ్ని మోసుకొచ్చిన పిల్లవాడు ఆ సంగతులు ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో వాళ్లకే వదిలేయాలి. విపత్తు నుంచి బయటపడినవాళ్లను బలవంతంగా జరిగినదంతా చెప్పించడం మేలు కన్నా కీడే చేస్తుందని మానసిక వైద్యులు ఏనాడో తేల్చారు. మాట్లాడాలనుకున్న పిల్లవాడికి వినే మనిషి ఉంటే చాలు. 1999 ఒడిశా తుపాను, 2004 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు ఊళ్లలో ఉండే మనుషులకే పిల్లలతో మెలగడం నేర్పించారు. ఆటలు, పాటలు, బొమ్మలు, రోజూ ఒకే వేళకు మోగే గంట, ఒకే వేళకు వచ్చే అన్నం, ఇవే పిల్లల్ని నెమ్మదిగా కుదుటపరుస్తాయి. బొమ్మలు వేయమనండి, వరద బొమ్మే వేయమనకండి. వాన మొదలవగానే వణికిపోయే పిల్లలు, ఉన్నట్టుండి మాట తగ్గించినవాళ్లు, నిద్రలో పక్క తడుపుతున్నట్టు అమ్మలు చెప్పేవాళ్లు ఉంటే మేడమ్‌కు చెప్పండి. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఆ నంబరు స్టాఫ్ రూములో కూడా అంటించండి. అది టీచర్లకూ కావాలి.

దాతలకు మొహం చూపించాలన్న మాస్టారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. డబ్బులు అడిగి తెచ్చినవాళ్లకు లెక్క చెప్పాలి కదా. లెక్క చెప్పడానికి సభే కానక్కర్లేదు. ఏం కొన్నారో, ఎంత అయిందో, ఏ గదిలో ఉందో రాసి, మేడమ్‌తో స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, ఆ పేజీ నకలు దాతలకు పంపండి. పిల్లల మొహాలు లేని ఫొటోలు జతచేయండి. సభ తప్పదంటే అది కమిటీ, హెచ్‌ఎం పిలిచే సభ కావాలి, మీ జట్టు అతిథులుగా కూర్చోవాలి. అప్పగించడం అన్న మాట బ్యానర్ మీద వద్దు. ఆ బడి ఎప్పుడూ మీ చేతిలో లేదు, వాళ్ల దగ్గరే ఉంది.

జట్టులో ఉండాలా వద్దా అని అడిగారు. బయటికొచ్చేస్తే మీ మనసు తేలికవుతుంది. కానీ మేడమ్ పక్షాన మాట్లాడే మనిషి జట్టులో ఉండరు. సభ, రంగులు, మైకు అనుకున్నట్టే జరిగిపోతాయి. ఉండి లోపలి నుంచి మాట్లాడితే మాస్టారితో కొంత చెడవచ్చు. మీ ఊళ్లో, మీ వృత్తిలో ఆయన పెద్ద మనిషైతే ఆ నొప్పి చాలాకాలం ఉంటుంది. దాన్ని తక్కువ చేసి చెప్పను. మూడో దారి కూడా ఉంది. రికార్డుల పని ఒక్కటీ మీరు విడిగా తీసుకుని, మేడమ్ చెప్పిన రోజుల్లో మాత్రమే వెళ్లడం. జట్టుతో తెగతెంపులు లేవు, మేడమ్‌తో పని సాగుతుంది. అయితే మాస్టారు చేసే పనులను ఆపే శక్తి మీకు తగ్గుతుంది. నన్నడిగితే కనీసం ఆ మైకు సంగతి తేలే దాకా లోపలే ఉండి, ఆయనతో ఒంటరిగా, ఇంటికి వెళ్లి మాట్లాడమంటాను. పదిమంది ముందు చెబితే ఆయన వినలేరు. ఆయన కూడా వానలో, బురదలో మీతో పాటు పారపట్టిన మనిషే, ఆ గౌరవంతోనే మొదలుపెట్టండి.

సెలవు పెట్టి పాఠాలు చెప్పడం గురించి. పదో తరగతి పిల్లలు మిమ్మల్ని ఉండమంటే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఉండిపోతే ఏమవుతుందో ఆలోచించండి. చైర్మన్ అడిగాడు, హెచ్‌ఎం అడగలేదు. బయటి మనిషి ప్రభుత్వ బడిలో నెలల పాటు పాఠం చెప్పాలంటే హెచ్‌ఎం, పై అధికారులు ఒప్పుకోవాలి. లేకపోతే రేపు ఏ తేడా వచ్చినా మళ్లీ మేడమ్ మెడకే చుట్టుకుంటుంది. పని సర్దుబాటు కింద వేరే బడి నుంచి లెక్కల టీచర్‌ను తాత్కాలికంగా వేయమని మేడమ్, కమిటీ కలిసి డీఈవోను అడగవచ్చు. మీరు ఉచితంగా ఉన్నారని తెలిస్తే ఆ అర్జీకి బలం తగ్గుతుంది. సంక్రాంతి తర్వాత మీరు వచ్చేస్తే, పబ్లిక్ పరీక్షలు దగ్గరపడిన వేళ ఆ పిల్లలకు మళ్లీ టీచరు మారతారు. మీ స్కూల్లో మీ పదో తరగతి పిల్లలకూ మధ్యలో టీచరు మారతారు, వాళ్లూ పిల్లలే. పైగా మీ జీతం ఇంటికి ఎంత ముఖ్యమో మీరు రాయలేదు. అది లేకపోతే ఇల్లు గడవదంటే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయండి, అందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మరీ ఏమీ చేయకుండా ఉండనక్కర్లేదు. మేడమ్ సరేనంటే ఆదివారం ఒక పూట ముఖ్యమైన అధ్యాయాలు చెప్పవచ్చు. దసరా సెలవుల్లో నాలుగైదు రోజులు ఇవ్వగలిగితే అదీ మేలే, అయితే అవి మీ పాప సెలవులు కూడా. నోట్సు పోయిన పిల్లలకు మీ విద్యార్థుల చేత లెక్కల నోట్సు రాయించి ఇప్పించండి, అది రెండువైపులా పిల్లలకు పనికొస్తుంది.

నాకన్నిటికన్నా ఎక్కువగా తోచింది మాత్రం వేరే. లెక్కల మాస్టారి ఇల్లు ఎవరైనా కడిగారా? వాళ్లమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎవరైనా తోడున్నారా? మధ్యాహ్న భోజనం వండే అక్కల ఇళ్లలో గ్యాస్ పొయ్యి, గిన్నెలు మిగిలాయా? ఆయా, వాచ్‌మన్ ఎక్కడ పడుకుంటున్నారు? మీ జట్టులో పదిమంది బలమైన చేతులున్నాయి. రెండు ఆదివారాలు బడి గోడల మీద కాకుండా బడి మనుషుల ఇళ్ల మీద పెట్టి చూడండి. ఆ మాస్టారి ఇంట్లో నేల ఆరి, మంచం నిలబడి, అమ్మగారికి మందులు అందితే ఆయన తన తరగతికి తానే వస్తారు. పదో తరగతికి మీరు చేయగల పెద్ద సాయం అదేనని నా నమ్మకం. ఆయన మొహమాటపడవచ్చు, వద్దనవచ్చు. సాటి టీచర్‌గా మీరు అడిగితే ఒప్పుకునే వీలు ఎక్కువ. ఫొటోలు మాత్రం తీయకండి.

మీ ఇంటాయన అన్న మాట గురించి రెండు ముక్కలు. దాన్ని అడ్డు చెప్పడంగా వినకండి. మీరు ఇంట్లో లేని శని, ఆదివారాలు పాపను చూసుకున్నది ఆయనే కదా. అలసటా, చిన్నబుచ్చుకోవడం రెండూ ఉన్నాయి అందులో. నెలకు ఎన్ని ఆదివారాలు విజయవాడకు, ఎన్ని ఇంటికి అన్నది ఇద్దరూ కూర్చుని కేలండర్ మీద గీసుకోండి. ఇంటికి రాసిన ఆదివారం ఎంత ముఖ్యమైన ఫోన్ వచ్చినా మార్చకండి. పాప ఆ మాట నిలబడటం గమనిస్తుంది.

చేతులు పుళ్లు పడ్డాయని రాశారు. పుండున్న చేతులతో వరద బురద ముట్టుకోవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం చిన్నది కాదు. రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు లేకుండా ఇక దిగకండి. టీటీ ఇంజక్షన్ వేయించుకుని ఎంతకాలమైందో చూసుకోండి. జ్వరం, కండరాల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే వరద నీళ్లలో పనిచేశానని డాక్టరుకు ముందే చెప్పండి.

ఈ శనివారం వెళ్లేటప్పుడు ఆ సంతకాల కాగితం తీసుకుని కాస్త ముందుగా, మీరొక్కరే వెళ్లండి. మేడమ్ టిఫిన్ చేశారో లేదో కనుక్కోండి. కాగితం ఇచ్చాక, సోమవారం బడి నడవడానికి ముందు ఏం కావాలో అడగండి. జాబితా ఏదీ ముందే తయారుచేసుకుని వెళ్లకండి. లెక్కల మాస్టారి ఇంటి అడ్రసు కూడా ఆవిడ దగ్గరే దొరుకుతుంది.